ఇంజను ఊపిరిలో నూనె

సికింద్రాబాదులో రాంగోపాల్‌పేట్‌ను ఆనుకొని రాణీగంజ్ ఉంది. యంత్ర సామగ్రికి, మోటారు విడిభాగాలకు పేరుపడ్డ బజారు అది. పాతకాలపు మోటారు మేస్త్రీలు ఇంజను ఆరోగ్యాన్ని ఎలా కనిపెడతారో తెలుసా? ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూస్తారు. అందులోంచి పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తే “బోరుకొచ్చింది” అని తేల్చేస్తారు.

పెట్రోలు మండేది పిస్టను పైన కదా! మరి కింద ఆయిల్ ఉండే గదిలోకి పొగ ఎలా చేరింది?

పిస్టను చుట్టూ లోహపు రింగులుంటాయి. వేడికి లోహం వ్యాకోచిస్తుందని మీరు చదువుకున్నారు. అందుకని రింగు రెండు చివరల మధ్య సన్నని సందు ఉంచక తప్పదు. మండిన వాయువుల్లో కొంత ఆ సందుల్లోంచి కిందికి జారుతుంది. కొత్త ఇంజనులో కొద్దిగా, అరిగినదానిలో ఎక్కువగా. కింద గిరగిర తిరిగే క్రాంకు ఆయిల్‌ను తుంపరలుగా చిమ్ముతూ ఉంటుంది. జారిన వాయువులో ఆ తుంపరలు కలుస్తాయి. దాన్ని బయటికి పంపకపోతే పీడనం పెరిగి ఆయిల్ సీళ్లు తన్నుకుపోతాయి. అందుకే ఒక శ్వాసగొట్టం అమర్చారు.

ఒకప్పుడు ఆ గొట్టం తిన్నగా రోడ్డు మీదికే ఊదేది! నగరాల గాలిని పాడుచేసే వాటిలో ఇదీ ఒకటని తేలాక, 1960ల ఆరంభంలో అమెరికాలో, ముందుగా కాలిఫోర్నియాలో, ఆ వాయువును మళ్లీ ఇంజనులోకే పీల్పించి కాల్చే ఏర్పాటు వచ్చింది. అక్కడొక ఏకమార్గ కవాటం ఉంటుంది.

ఇక టర్బో సంగతి. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూకి 1905లో దీనికి పేటెంటు పొందాడు. పొగగొట్టంలో వృథాగా పోయే వాయువుతోనే చక్రం తిప్పి, గాలిని ఇంజనులోకి కూరడం దీని పని. కారు టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. మామూలు ఇంజను గాలిని పీల్చుకుంటుంది. టర్బో ఇంజనుకు గాలిని బలవంతంగా కూరుతారు. కనుక లోపలి పీడనం ఎక్కువ, కిందికి జారే వాయువూ ఎక్కువ. పైగా, టర్బో ఒత్తిడి పెట్టినప్పుడు ఆ ఏకమార్గ కవాటం మూసుకుంటుంది. అప్పుడు నూనె తుంపరలు మరో గొట్టం గుండా టర్బో ముందుకు చేరి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లో జిడ్డుగా పేరుకుంటాయి. పెట్రోలును సిలిండరులోకే చిమ్మే ఇంజన్లలో గాలి కవాటాలను కడిగే పెట్రోలు కూడా ఉండదు. జిడ్డు మాడి మసి కడుతుంది. డీజిలు ఇంజనులోనైతే అసలు ప్రమాదమే! నూనె మరీ ఎక్కువగా లోపలికి పోతే ఇంజను దాన్నే ఇంధనంగా మండించుకుంటూ, తాళం తిప్పేసినా ఆగకుండా పరుగెడుతుంది. గాలి దారి మూస్తే తప్ప ఆగదు.

దీనికి విరుగుడుగా కొందరు అమర్చుకునేదే ‘ఆయిల్ క్యాచ్ క్యాన్’. చూడటానికి చిన్న డబ్బా. శ్వాసగొట్టం మధ్యలో దీన్ని బిగిస్తారు. లోపల అడ్డు పలకలు, లోహపు జాలీ ఉంటాయి. బస్సు హఠాత్తుగా మలుపు తిరిగితే మీరు పక్కకు ఒరుగుతారు కదా? అదే జడత్వం. వాయువు అడ్డుపలక దగ్గర చటుక్కున తిరుగుతుంది. బరువైన నూనె బొట్టు తిరగలేక పలకకు కొట్టుకుని, కిందికి కారుతుంది. ఇడ్లీపాత్ర మూతకు ఆవిరి నీరై పట్టినట్టు కొంత ఆవిరి కూడా చల్లబడి చేరుతుంది.

మెరిసే డబ్బాలన్నీ పనికొస్తాయనుకోకండి. లోపల జాలీ లేని ఖాళీ డబ్బా కేవలం అలంకారం. టర్బో ఇంజనుకు రెండు శ్వాసమార్గాలుంటే, ఒకదానికే క్యాన్ పెడితే సగం పనే. గొట్టం విప్పి గాలిలోకి వదిలేస్తే 1960లకు ముందటి తప్పునే మళ్లీ చేసినట్టు. క్యాన్ నిండినా, మూసుకుపోయినా ఇంజనుకు ఊపిరాడదు. చాలా కార్లలో తయారీదారు పెట్టిన నూనె వడపోత ముందే ఉంటుంది. మామూలుగా నడిపే కారుకు అదే చాలునని నా అభిప్రాయం.

క్యాన్‌లో చేరిన ద్రవంలో నూనెతోపాటు నీరు, పెట్రోలు, ఆమ్లాలు ఉంటాయి. ఒక్కోసారి పాలమీగడలా కనిపిస్తుంది. దాన్ని తిరిగి ఇంజనులో పోయకూడదు. మోరీలోనూ పారబోయకూడదు, రాణీగంజ్‌కు కూతవేటు దూరంలో హుస్సేన్‌సాగర్ ఉంది, నగరపు నాలాలు కొన్ని చేరేది అందులోకే. మన దేశంలో వాడిన ఆయిల్‌ను ప్రమాదకర వ్యర్థంగా లెక్కిస్తారు. మూతగట్టిన డబ్బాలో పోసి, అనుమతి పొంది పాత ఆయిల్ సేకరించేవారికి అప్పగించాలి.