ఎక్కేందుకూ దిగేందుకూ ఒకటే జోడు

వైరా, తల్లాడ, కొత్తగూడెం, పాల్వంచ దాటి గోదావరి వంతెన ఎక్కితే భద్రాచలం. అడవిలోకి ఇంకా ముందుకు పోతే చర్ల. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే నేల ఇది. మే నెల మధ్యాహ్నం ఇక్కడి తారురోడ్డు మీద వట్టి కాలు ఆనించడం కష్టం. ఆ చర్ల మండలం కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడ్డాడు. అదే రోజు, పద్నాలుగేళ్లు నిండకుండానే, నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ కూడా అక్కడికి చేరింది. ఇద్దరూ అప్పట్లో సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకుంటున్నవాళ్లే.

వాళ్లకు కొండ ఎక్కడం నేర్పింది భువనగిరి గుట్ట. శిక్షకుడు శేఖర్‌బాబు బాచినేపల్లి దగ్గర తాడు పట్టడంతో మొదలై, డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థ, లద్దాఖ్ చలి మీదుగా ఆ ప్రయాణం సాగింది. 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది చనిపోయారు. ఈ పిల్లలు ఎక్కింది టిబెట్ వైపు నుంచి. వాళ్ల ధైర్యం గురించి పత్రికలు రాశాయి, పూర్ణ జీవితం 2017లో హిందీ సినిమా అయింది. కాళ్లకు ఏం తొడుక్కున్నారన్నది మాత్రం ఎవరికీ పెద్ద వార్త కాలేదు. నిజానికి మంచుకొండ మీద ప్రాణాన్ని మోసేది ఆ జోడే. అది సరిగ్గా అమరకపోతే వేళ్లకు రక్తం అందదు, వేళ్లు గడ్డకడతాయి, ఒక్కోసారి తీసేయాల్సి వస్తుంది.

ఎవరెస్ట్ ఎక్కేవాళ్ల బూటు పనులు ఒకదానికొకటి అడ్డురావు: వెచ్చగా ఉండాలి, అడుగున ఇనుప పళ్ల పట్టీని గట్టిగా పట్టుకోవాలి. మంచు మీద ఇంకో రకం ప్రయాణం ఉంది. కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని కొండ ఎక్కి, వాటి మీదే జారుతూ దిగడం. స్లొవేనియాకు చెందిన దావో కర్నిచార్ 2000 అక్టోబరులో ఎవరెస్ట్ కొన నుంచి బేస్ క్యాంప్ దాకా స్కీల మీదే దిగాడు. పోలండ్ యువకుడు ఆంజెయ్ బార్గియెల్ 2018 జులైలో కె2 నుంచి అలాగే దిగాడు. ఎక్కి దిగే ఈ విద్యను స్కీ మౌంటెనీరింగ్ పేరుతో 2026 మిలానో–కోర్టినా శీతాకాల ఒలింపిక్స్‌లో చేర్చాలని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2021లో నిర్ణయించింది. ఈ ప్రయాణంలో బూటు చేయాల్సిన పనులు రెండు. ఆ రెండింటికీ ఒకదానితో ఒకటి పొసగదు.

ఎక్కేటప్పుడు మడమ ప్రతి అడుగుకూ పైకి లేవాలి, చీలమండ ముందుకూ వెనక్కూ ఆడాలి. స్కీ వెనక్కి జారకుండా దాని అడుగున ఒకవైపు నూగున్న పట్టీ అతికిస్తారు. ఒకప్పుడు దీన్ని సీల్ చర్మంతో చేసేవారు, ఇప్పుడు నైలాన్, మోహేర్ వాడుతున్నారు. గంటల తరబడి సాగే ఈ నడకలో బూటు ఎంత తేలికైతే అంత మంచిది. పాదానికి తగిలించిన బరువు, వీపున మోసే అదే బరువు కన్నా నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ శక్తిని ఖర్చు చేయిస్తుందని అమెరికా సైనిక పరిశోధకులు దశాబ్దాల కిందటే తేల్చారు.

దిగేటప్పుడు సంగతి పూర్తిగా మారిపోతుంది. మడమను స్కీకి బిగించేస్తారు. పిక్కను చుట్టి ఉండే పైభాగం కొంచెం ముందుకు వంగిన కోణంలో తాళం పడుతుంది. ముంగాలితో బూటు నాలుకను నొక్కితే ఆ ఒత్తిడి స్కీ అంచు దాకా పోవాలి. మలుపు తిప్పేది ఆ అంచే. లోపల పాదం కొద్దిగా కదిలినా స్కీ మాట వినదు. కాబట్టి దిగే బూటు బిగుతుగా, గట్టిగా, ఆ గట్టిదనం కోసం బరువుగా ఉండాలి.

చాలాకాలం ఈ రెండూ వేర్వేరు దారుల్లోనే పెరిగాయి. అమెరికాలో అయోవా రాష్ట్రానికి చెందిన బాబ్ లాంగే 1960ల్లో తోలు స్థానంలో ప్లాస్టిక్ బూటు తెచ్చాక దిగడం రూపే మారిపోయింది. ఎక్కేవాళ్లకు దారి చూపింది ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్. బూటు ముందు భాగంలో రెండు పక్కలా చిన్న గుంటలు పెట్టి, వాటిని రెండు ఉక్కు మొనలు పట్టుకునే బైండింగును (బూటును స్కీకి పట్టి ఉంచే సాధనం) ఆయన 1980ల్లో తయారు చేశాడు. కిలోలు తూగే యంత్రం కొన్ని వందల గ్రాములకు దిగింది. గత పదిహేనేళ్లుగా కంపెనీలు ఈ రెండు దారులనూ కలుపుతున్నాయి. వెనక ఒక మీట ఉంటుంది. పైకి ఎత్తితే పిక్క భాగం వదులై నడవనిస్తుంది, దించితే బిగుసుకుని దిగనిస్తుంది. దిగడానికే చేసిన బూటు ఒక్కోటి రెండు కిలోలకు అటూ ఇటూ ఉంటే, ఈ రెండు పనుల బూటు సుమారు 1300 నుంచి 1800 గ్రాముల మధ్య తూగుతుంది.

ఇటలీ ఈశాన్య భాగంలోని మాంటెబెల్లూనా ఈ బూట్లకు పుట్టిల్లు లాంటిది. టెక్నికా, నార్డికా, డాల్‌బెల్లో, పక్కనే అజోలోలో స్కార్పా అన్నీ ఆ చుట్టుపక్కలవే. అక్కడి నుంచి ఏటా కొత్త నమూనాలు వస్తాయి, వాటిని యూరప్, అమెరికా పత్రికల పరీక్షకులు కొండ మీదికి తీసుకెళ్లి చూస్తారు. ఆ పరీక్ష ఎలా జరుగుతుందో తెలిస్తే కొనేవాడికి సగం పని అయినట్టే.

మొదటి పరీక్ష కొట్లోనే. బూటు లోపలి మెత్తటి లైనర్‌ను బయటికి తీసేసి, ఖాళీ షెల్‌లో పాదం పెట్టి, వేళ్లు ముందు గోడకు ఆనేదాకా జరపాలి. అప్పుడు మడమ వెనక మిగిలే సందు చూడాలి. ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లుంటే సరిపోతుంది. అంతకు మించితే దిగేటప్పుడు పాదం లోపల ఈదుతుంది. స్కీ బూటు సైజు పాదం పొడవే, సెంటీమీటర్లలో: 265 మిల్లీమీటర్ల పాదానికి 26.5. చాలా కంపెనీల్లో 26కూ 26.5కూ బయటి షెల్ ఒకటే. తర్వాత లైనర్ పెట్టి, పలచటి మేజోడు ఒక్కటే తొడిగి, బకిల్స్ బిగించి నిలబడాలి. నిటారుగా ఉన్నప్పుడు వేళ్లు ముందు తగలాలి, మోకాలు వంచితే వెనక్కి రావాలి. కొట్లో అరగంట అలాగే తిరగాలి. చెప్పు కరిచేది మొదటి నిమిషంలో కాదు.

బూటు మీద వేసే 100, 120, 130 అన్న అంకె గట్టిదనానికి గుర్తు. దానికి అన్ని కంపెనీలూ ఒప్పుకున్న కొలమానం లేదు. ఒకరి 120, ఇంకొకరి 110తో సమానం కావచ్చు. పైగా చాలా షెల్స్‌కు వాడే పాలీయురేథేన్ ప్లాస్టిక్ చలికి గట్టిపడుతుంది. హీటరున్న కొట్లో హాయిగా వంగిన బూటు మైనస్ 15 డిగ్రీల్లో రాయిలా నిలబడుతుంది. ఆ అంకె చూసి మురిసిపోయి కొన్నవాళ్లు కొండ మీద బాధపడతారు.

అసలు పరీక్ష మంచు మీద. ఎక్కేటప్పుడు చూసేవి చిన్నవిగా కనిపిస్తాయి. చేతికి గ్లవ్స్ ఉండగా మీట ఎత్తగలమా? మొనలు పట్టే గుంటల్లో మంచు కూరుకుపోతే తొందరగా తీయగలమా? నిటారు వాలులో ఒక కాలు పూర్తిగా తిప్పి దిశ మార్చుకునేటప్పుడు చీలమండ ఎంత ఆడుతోంది? బండరాళ్ల మధ్య స్కీలు వీపున కట్టుకుని నడవాల్సి వస్తే రబ్బరు అడుగు జారుతుందా? దిగేటప్పుడు ఒకే రకం మంచు మీద చూస్తే చాలదు. యంత్రంతో చదును చేసిన గట్టి వాలు మీద అన్ని బూట్లూ బాగానే ఉంటాయి. పైన పెళుసు పొర, కింద మెత్తటి మంచు ఉన్నచోట తేలికపాటి బూటు తడబడుతుంది. కొందరు పరీక్షకులు ఎడమ కాలికి ఒక నమూనా, కుడి కాలికి ఇంకో నమూనా తొడిగి ఒకే వాలు దిగుతారు. తేడా వెంటనే మోకాలికి తెలిసిపోతుంది.

ప్రమాదాన్ని తప్పించే పరీక్ష ఇంకొకటుంది. పడిపోయినప్పుడు బైండింగ్ బూటును వదిలేయాలి, లేకపోతే విరిగేది కాలి ఎముక. దిగే బూట్ల అడుగు భాగానికి ఐఎస్‌ఓ 5355, ఎక్కే బూట్లకు ఐఎస్‌ఓ 9523, రెండింటి మధ్యస్థంగా ఉండే గ్రిప్‌వాక్‌కు ఐఎస్‌ఓ 23223 అని మూడు వేర్వేరు ప్రమాణాలున్నాయి. వంపు తిరిగి, రబ్బరు అతికిన అడుగున్న బూటును పాత దిగే బైండింగులో బిగిస్తే అది పట్టేసి వదలకపోవచ్చు. అద్దెకు ఇచ్చేచోట బూటు సైజు అడుగుతారు గానీ, బూటూ బైండింగూ ఒకే ప్రమాణానివేనా అని అడగాల్సింది కొత్తగా వెళ్లినవాళ్లే. బరువు, ఎత్తు, వయసు, నేర్పు, బూటు అడుగు పొడవు చెప్పి బైండింగ్ బిగింపు సరిచేయించుకోవాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

మన పాఠకుడికి ఆ విదేశీ పరీక్షలు పూర్తిగా సరిపోవు. కారణం పాదంలోనే ఉంది. బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియాన్ డావూ బృందం దక్షిణ భారతదేశంలో వట్టికాళ్లతో నడిచే అలవాటున్నవాళ్ల పాదాలనూ, చెప్పులు తొడిగే భారతీయుల పాదాలనూ, పాశ్చాత్యుల పాదాలనూ పోల్చి 2009లో ఫలితాలు ప్రచురించింది. వట్టికాళ్లవాళ్ల పాదం ముందు భాగంలో వెడల్పుగా ఉంది, నేల మీద ఒత్తిడి పాదమంతా పరుచుకుంది. పాశ్చాత్యుల పాదం సన్నంగా కనిపించింది. స్కీ బూట్లలో వెడల్పు కొలత వేరే ఉంటుంది: 26.5 సైజులో 98 మిల్లీమీటర్లంటే సన్నం, 100 మధ్యస్థం, 102 అంటే వెడల్పు. రెండు పనుల బూట్లలో కొన్ని 98, 99 దగ్గరే ఆగుతాయి. ఏటి ఇసుకలో, చేనిగట్ల మీద తిరిగి పెరిగిన పాదానికి అవి ఇరుకు. ఇరుకని ఒక సైజు పెద్దది తీసుకుంటే పొడవు మిగిలిపోయి అదుపు పోతుంది. తీసుకోవాల్సింది అదే పొడవులో వెడల్పున్న షెల్. ఇంకా ఇరుకనిపిస్తే వేడిచేసి ఆ ఒక్కచోట షెల్‌ను సాగదీసే పనివాళ్లుంటారు. లైనర్‌ను కూడా వేడి చేసి పాదం అచ్చు తీయవచ్చు.

మనకు కలిసొచ్చేదీ ఒకటుంది. గొంతుక్కూర్చునే అలవాటు వల్ల చీలమండ బాగా ముందుకు వంగుతుంది. కుర్చీల మీదే పెరిగిన చాలామందికి ఆ వంపు తక్కువ, బూటులో మడమ కింద మెట్టు వేసుకోవాల్సి వస్తుంది. పొలంలో నాట్లు వేసే ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ అవసరం అంతగా ఉండదు.

ఈ బూట్లలో మన నేల పంటకూ చోటుంది. తేలికపాటి షెల్స్‌కు వాడే పదార్థాల్లో పేరున్నది పెబాక్స్. ఫ్రాన్స్ కంపెనీ అర్కెమా దాన్ని తయారు చేస్తుంది. అందులో ఆర్‌న్యూ అనే రకానికి ముడిసరుకు ఆముదం నూనె. స్కార్పా తన మాస్త్రాలే బూటుకు ఆ రకాన్నే వాడింది. ఆముదం గింజల నుంచి వచ్చే ఈ ప్లాస్టిక్ చలిలో పెళుసుబారదు, పాలీయురేథేన్ కన్నా తేలిక. ప్రపంచంలో పండే ఆముదాల్లో సింహభాగం భారతదేశానిది, అందులోనూ ఎక్కువ గుజరాత్‌ది. పాలమూరు, నల్లగొండ చల్క నేలల్లోనూ ఇది తరాలుగా ఉన్న పంట. పాలెం పరిశోధన కేంద్రం క్రాంతి, హరిత లాంటి రకాలు ఇచ్చింది, రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది. వానాధారపు ఎర్ర నేలలో పండే గింజ ఆల్ప్స్ మంచులో కాలికి రక్షణగా నిలుస్తోందన్న సంగతి ఆ రైతుకు తెలియాలి. తెలిస్తే సంతోషిస్తాడు.

ఈ బూట్లు తొడిగి చూసే వీలు అందరికీ ఒకేలా లేదు. అమెరికాలో బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో ఉండే తెలుగు ఇంజినీర్ల పిల్లలకు స్నోక్వాల్మీ కనుమ గంట ప్రయాణం. వారాంతంలో పోయి, నాలుగు రకాల బూట్లు తొడిగి చూసి రాగలరు. వైరా పిల్లలు స్కీ వాలు చూడాలంటే ఉత్తరాఖండ్‌లోని ఔలీ, కశ్మీర్‌లోని గుల్‌మర్గ్ లాంటి చోట్లకు పోవాలి. గుల్‌మర్గ్ సుమారు 2650 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గండోలా అనే రోప్‌వే రెండో దశ అఫర్వట్ కొండ మీద 3900 మీటర్లు దాటి తీసుకెళ్తుంది. కేంద్ర పర్యాటక శాఖ కింద పనిచేసే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ అక్కడే ఉంది. 2020లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు అక్కడ కూడా జరిగాయి. గండోలా ఎక్కి దిగేవాళ్లకు మామూలు దిగే బూటు చాలు. యంత్రం ఆగినచోటు నుంచి సొంత కాళ్లతో ఎక్కి, మనుషులు తిరగని వాలులో దిగాలనుకునేవాళ్లకే ఈ రెండు పనుల జోడు కావాలి. మొదటిసారి వెళ్లేవాళ్లు దీన్ని కొనుక్కుని పోవడం తొందరపాటే. ముందు అద్దె బూట్లతో దిగడం నేర్చుకోవాలి.

ఆనంద్, పూర్ణల తర్వాత గురుకులాల పిల్లలు కొండలెక్కడం ఆగలేదు. పూర్ణ 2022లో డెనాలీతో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తి చేసింది. మంచు ఆటలకు రేపు ఖమ్మం, భద్రాద్రి జిల్లాల నుంచి ఒక జట్టును పంపితే, సామాను జాబితాలో బూట్లను చొక్కాల్లా చిన్న, మధ్య, పెద్ద అని రాసి కొనకూడదు. ప్రతి పిల్ల పాదాన్నీ సాయంత్రం పూట, నిలబెట్టి కొలవాలి, అప్పటికి పాదం కొద్దిగా ఉబ్బి ఉంటుంది. రెండు పాదాల పొడవు, వేళ్ల మొదట్లో వెడల్పు, పాదం పైభాగం ఎత్తు రాసుకోవాలి. రెండు పాదాలూ ఒక్కలా లేకపోతే పెద్ద పాదానికి షెల్ చూడాలి. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో పాదం ఇంకా పెరుగుతుంది కాబట్టి నిరుటి కొలత ఈ ఏడు పనికిరాదు. ఈ పనికి కావాల్సింది ఒక స్కేలు, ఒక తెల్ల కాగితం, ఒక్కో పిల్లకు పది నిమిషాలు. రైలెక్కే ముందు ఏ హాస్టల్ వరండాలోనైనా చేయవచ్చు.