భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్, మచిలీపట్నం

భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ మచిలీపట్నం కర్మాగారం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని కృష్ణా జిల్లా కేంద్రమైన మచిలీపట్నంలో ఉన్నది. భారత రక్షణ మంత్రిత్వ శాఖ ఆధీనంలోని భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ సంస్థకు గల తొమ్మిది కర్మాగారాలలో ఇది ఒకటి. చీకటిలో చూచుటకు ఉపయోగపడే దృశ్య సాధనాలు ఇక్కడి ప్రధాన ఉత్పత్తులు. డ్రోన్ నిరోధక వ్యవస్థల తయారీలో కూడా ఈ కర్మాగారానికి భాగం ఉన్నది. సంస్థను క్లుప్తంగా బెల్ అని పిలుస్తారు. విద్యుదుత్పత్తి యంత్రాలను తయారుచేసే భెల్ వేరొక సంస్థ. పేర్లు దగ్గరగా ఉండుటవలన చదువరులు తరచు పొరబడుతుంటారు.

ఉనికి

విజయవాడ నుండి బందరు రోడ్డు మీద ఆటోనగర్ దాటి, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రుల మీదుగా సుమారు 70 కిలోమీటర్లు ప్రయాణించి మచిలీపట్నం చేరవచ్చు. ఆటోనగర్ లారీల మరమ్మతుకు, బాడీల తయారీకి పేరుపొందినది. అదే రోడ్డు రెండవ చివర నూరేళ్ళ క్రితమే శాస్త్ర పరికరాల పరిశ్రమ వెలసిందన్న సంగతి కృష్ణా డెల్టా బయట అంతగా తెలియదు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగిన తరువాత విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళగా, మచిలీపట్నం కృష్ణా జిల్లా కేంద్రంగా కొనసాగుచున్నది.

చరిత్ర

ఈ కర్మాగారం మొదట ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. ఇది 1926లో స్థాపించబడినది. స్వదేశీ ఉద్యమ ప్రభావంతో బందరులో విద్యాసంస్థలు, వ్యాపార సంస్థలు వెలసిన కాలమది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించినది కూడా ఈ ఊరిలోనే. పాఠశాలల, కళాశాలల ప్రయోగశాలలకు కావలసిన శాస్త్ర పరికరాలను ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ తయారుచేసేది.

కాలక్రమంలో ఆ కంపెనీ నష్టాలలో పడినది. ఖాయిలా పడిన ఆ సంస్థను 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ స్వాధీనం చేసుకొని తన నాలుగవ కర్మాగారంగా మార్చుకున్నది. బెల్ 1954లో బెంగుళూరులో ప్రారంభమైనది. 1974లో ఘజియాబాద్ లోను, 1979లో పూణే లోను కర్మాగారాలు నెలకొల్పినది. ఇవన్నీ బెల్ స్వయంగా కట్టుకున్నవి. మచిలీపట్నం ఒక్కటే అప్పటికే కొన్ని దశాబ్దాలుగా పనిచేస్తూ, మూతపడే స్థితికి వచ్చిన పాత సంస్థ. పరికరాల తయారీ అలవాటున్న ఊరు కనుక, సైన్యానికి కావలసిన దృశ్య సాధనాల పని ఇక్కడికి వచ్చుట సహజమే. 1986లో ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాల కొరకు హైదరాబాదులో మరొక కర్మాగారం ఏర్పడినది.

చీకటిలో చూచుట

చీకటిలో చూచుటకు రెండు పద్ధతులు కలవు. మొదటి పద్ధతిలో నక్షత్రాల వెలుగు వంటి స్వల్పమైన కాంతిని వేల రెట్లు పెంచుతారు. కటకం గుండా వచ్చిన కాంతి ఒక ఫోటోకాథోడ్ మీద పడి ఎలక్ట్రానులను విడుదల చేస్తుంది. అవి సన్నని రంధ్రాలు గల గాజు పలక గుండా పోతూ గోడలను ఢీకొని మరిన్ని ఎలక్ట్రానులను పుట్టిస్తాయి. చివరకు ఇవన్నీ ఫాస్ఫరు తెర మీద పడి బొమ్మను చూపుతాయి. రాత్రి దుర్భిణులలో దృశ్యం ఆకుపచ్చగా కనిపించుటకు ఈ తెరయే కారణం. ఇటువంటి నాళికల తయారీ కొరకే పూణే కర్మాగారం నెలకొల్పబడినది.

రెండవ పద్ధతికి బయటి వెలుగుతో పనిలేదు. ప్రతి వస్తువు తన వేడికి తగిన పరారుణ కిరణాలను వెలువరిస్తుంది. మనిషి శరీరం వెలువరించే కిరణాల తీవ్రత సుమారు 10 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద అధికం. థర్మల్ కెమెరా ఈ తేడాలను బొమ్మగా మారుస్తుంది. మామూలు గాజు ఈ కిరణాలను సాగనీయదు. అందుచే ఇందులో జెర్మేనియం వంటి పదార్థాలతో చేసిన కటకాలు వాడతారు. కంటికి జెర్మేనియం లోహపు బిళ్ళవలె కనిపిస్తుంది, దాని గుండా ఏమీ కనబడదు. ఇటువంటి కెమెరాను విమానానికో డ్రోనుకో అమర్చితే పైనుండి నేలను చూడవచ్చు. నేలమీద నిలిపితే ఆకాశంలోని డ్రోనును వెదకవచ్చు.

డ్రోన్ నిరోధక వ్యవస్థ

2021 జూన్ 27 తెల్లవారుజామున జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లు రెండు పేలుడు పదార్థాలను జారవిడిచాయి. ఒక భవనం పైకప్పు దెబ్బతిన్నది, ఇద్దరు సిబ్బంది స్వల్పంగా గాయపడ్డారు. నష్టం చిన్నదే కాని, భారతదేశంలో సైనిక స్థావరంపై డ్రోన్లతో జరిగిన మొదటి దాడి ఇదే. రెండు నెలల తరువాత, 2021 ఆగష్టు 31న, భారత నౌకాదళం డ్రోన్ నిరోధక వ్యవస్థ కొరకు బెల్ తో ఒప్పందం కుదుర్చుకున్నది. దీనిని డి.ఆర్.డి.ఓ. రూపొందించగా, తయారీ పనిని బెల్ యొక్క బెంగుళూరు, హైదరాబాదు, పూణే, మచిలీపట్నం కర్మాగారాలకు పంచారు. రూపకల్పనలో పాల్గొన్న నాలుగు ప్రయోగశాలలలో రెండు హైదరాబాదులో ఉన్నాయి. మిగిలిన రెండు బెంగుళూరు, డెహ్రాడూన్ లలో ఉన్నాయి.

ఈ వ్యవస్థలో రాడారు, రేడియో సంకేతాలను పసిగట్టే పరికరం, పగలు రాత్రి చూడగల కెమెరా, జామర్, లేజరు ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయి. డ్రోను చిన్నది, తక్కువ ఎత్తున నెమ్మదిగా ఎగురుతుంది. రాడారుకు అది పక్షివలె తోచవచ్చు. అది పక్షి కాదని తేల్చవలసినది కెమెరా. ఇది ఎంత కష్టమో ఒక లెక్కతో తెలుసుకోవచ్చు. 30 సెంటీమీటర్ల డ్రోను 2 కిలోమీటర్ల దూరాన, చంద్రబింబం వ్యాసంలో సుమారు 60వ వంతు పరిమాణంలో కనిపిస్తుంది. సెకనుకు 15 మీటర్ల వేగంతో వచ్చే డ్రోను 3 కిలోమీటర్లు దాటుటకు 200 సెకన్లు చాలు. చూచి, గుర్తించి, నిర్ణయించి, కూల్చుటకు ఉన్న వ్యవధి అంతే.

గుర్తించిన తరువాత రెండు మార్గాలు ఉన్నాయి. సాఫ్ట్ కిల్ పద్ధతిలో డ్రోనుకు దాని చోదకునితోను, ఉపగ్రహాలతోను ఉన్న రేడియో సంబంధాన్ని తెంచుతారు. హార్డ్ కిల్ పద్ధతిలో లేజరు కిరణాన్ని డ్రోను మీద నిలిపి కాల్చివేస్తారు. లేజరు ఒకే చోట కొంతసేపు నిలవాలి కనుక, ఇక్కడ కూడా కెమెరా గురి తప్పకూడదు. 2020, 2021లలో స్వాతంత్ర్య దినోత్సవాల సందర్భంగా ఎర్రకోట వద్ద ఈ వ్యవస్థను మోహరించారు.

పరిమితులు

జామర్ అన్ని డ్రోన్లకు విరుగుడు కాదు. ముందే దారి నిర్దేశించబడి తనంతట తాను ఎగిరే డ్రోనుకు చోదకుని సంకేతాలు అవసరం లేదు. ఉక్రెయిన్ యుద్ధంలో 2024 నుండి విరివిగా వాడుకలోకి వచ్చిన కొన్ని డ్రోన్లు సన్నని ఫైబర్ తీగను వెనుక వదులుతూ ఎగురుతాయి. వాటి ఆదేశాలు ఆ తీగలోనే ప్రయాణిస్తాయి. రేడియో సంకేతమే లేనప్పుడు రేడియోను పసిగట్టే పరికరం, రేడియోను అడ్డుకునే జామర్ రెండూ నిరుపయోగం. అప్పుడు రాడారు, కెమెరా మాత్రమే మిగులుతాయి. పొగమంచు, వాన కెమెరాకు, లేజరుకు ఆటంకాలే. సంఖ్య మరొక సమస్య. 2025 మే 8, 9 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ 36 చోట్ల 300 నుండి 400 డ్రోన్లను ప్రయోగించిందని భారత ప్రభుత్వం ప్రకటించినది. లేజరు ఒక్కొక్కదానినే కూల్చగలదు. దాని శక్తిని పెంచే ప్రయోగాలలో భాగంగా 2025 ఏప్రిల్ 13న కర్నూలు వద్ద వాహనంపై అమర్చిన లేజరు ఆయుధాన్ని డి.ఆర్.డి.ఓ. ప్రదర్శించినది.

ఈ రంగంలో ప్రైవేటు సంస్థలు కూడా కలవు. 1993లో హైదరాబాదులో ప్రారంభమైన జెన్ టెక్నాలజీస్ 2021లో వాయుసేన నుండి డ్రోన్ నిరోధక వ్యవస్థల కొరకు సుమారు 155 కోట్ల రూపాయల ఆర్డరును పొందినది.

నిమ్మలూరు కర్మాగారం

పామర్రు సమీపంలోని నిమ్మలూరులో బెల్ సుమారు 360 కోట్ల రూపాయల వ్యయంతో రాత్రి దృశ్య సాధనాల కొత్త కర్మాగారాన్ని నిర్మించినది. ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2025 అక్టోబరు 16న కర్నూలు నుండి దీనిని జాతికి అంకితం చేశారు. రాత్రి దృశ్య సాధనాలతో పాటు క్షిపణుల సెన్సార్లు, డ్రోన్ నిరోధక వ్యవస్థల తయారీ సామర్థ్యం దీనివలన పెరుగుతుందని ఆ సందర్భంగా పేర్కొన్నారు.