రెండు పాత రోబోల ప్రేమకథ.. పేరు చూసి ఎవరూ రాలేదు, చూసినవాళ్లు వదల్లేదు! బ్రాడ్‌వేలో ఏం జరిగింది?

న్యూయార్క్ బ్రాడ్‌వేలో కొత్త మ్యూజికల్ వస్తుందంటే ప్రేక్షకుడు ముందుగా అడిగేది ఒక్కటే. ఇది దేని గురించి? 'ది లయన్ కింగ్' అంటే చెప్పక్కర్లేదు, 'విక్డ్' అన్నా అంతే. మరి 'మేబీ హ్యాపీ ఎండింగ్' అంటే? సియోల్‌లో ఓ అపార్ట్‌మెంట్, అందులో యజమానులు వదిలేసిన రెండు పాత రోబోలు, వాటి మధ్య ప్రేమ. ఈ మాట వినగానే టికెట్ కొనేవాళ్లు ఎంతమంది ఉంటారు? 2024 శరదృతువులో నిర్మాతలకు ఎదురైన కష్టం సరిగ్గా ఇదే.

కథ విషయానికొస్తే.. ఆలివర్, క్లెయిర్ ఇద్దరూ మనుషులకు సాయం చేయడానికి తయారైన హెల్పర్‌బాట్లు. ఇప్పుడు వాటి మోడల్ పాతబడింది, స్పేర్ పార్ట్స్ కూడా దొరకడం కష్టమైపోయింది. ఆలివర్‌కు ఓ పూలకుండీ, జాజ్ రికార్డులు, ఏదో ఒకరోజు యజమాని తన కోసం వస్తాడన్న నమ్మకం.. ఇవే లోకం. ఎదురింటి క్లెయిర్ ఒకరోజు చార్జర్ అడగడానికి తలుపు కొడుతుంది. అక్కణ్నుంచి ఇద్దరూ జేజు దీవికి బయల్దేరతారు. ఒకరికి యజమానిని వెతకాలని, ఇంకొకరికి మిణుగురులు చూడాలని. ఆ తర్వాత ఏమైందో ఇక్కడ చెప్పేస్తే అన్యాయం.

ఇది ఉన్నట్టుండి పుట్టిన షో కాదు. అమెరికాకు చెందిన విల్ ఆరన్సన్, దక్షిణ కొరియాకు చెందిన హ్యూ పార్క్ కలిసి రాశారు. 2016లో సియోల్‌లోని ఓ చిన్న థియేటర్‌లో కొరియన్ భాషలో మొదలై అక్కడ మళ్లీ మళ్లీ ఆడింది. 2020లో అట్లాంటాలో ఇంగ్లిష్ వెర్షన్ వేశారు. అంటే కొరియా ప్రేక్షకులకు ఇది బాగా తెలిసిన షో. బ్రాడ్‌వేకి మాత్రం పూర్తిగా కొత్త సరుకు.

కొత్త కథకు ఎందుకంత ఇబ్బంది?

బ్రాడ్‌వే ప్రేక్షకుల్లో సగానికి పైగా బయటి ఊళ్ల నుంచి వచ్చే టూరిస్టులే. ఊళ్లో ఉండేది నాలుగు రోజులు, చూసేది ఒకటో రెండో షోలు. ఒక్కో టికెట్‌కు వంద డాలర్లు దాటుతుంటే ఎవరైనా తెలిసిన పేరు వైపే వెళ్తారు కదా. అందుకే హిట్ సినిమాలను మ్యూజికల్స్‌గా మార్చడం అక్కడ మామూలైపోయింది. సినిమా చూసిన జనానికి ఏం దొరుకుతుందో ముందే తెలుసు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. 'గ్లీ' సిరీస్‌తో పేరు తెచ్చుకున్న డారెన్ క్రిస్ ఒక్కడే కాస్త తెలిసిన ముఖం. క్లెయిర్‌గా వేసిన హెలెన్ జె షెన్‌కు ఇదే తొలి బ్రాడ్‌వే షో. పైగా రోబోలంటే జనం సైన్స్ ఫిక్షన్ హంగామా ఊహించుకుంటారు, కొరియా అంటే కె-పాప్ అనుకుంటారు. ఇందులో ఆ రెండూ లేవు. నలుగురే నటులు, ఇంటర్వెల్ లేని గంటా నలభై ఐదు నిమిషాల షో, మెత్తటి పాటలు.

సెట్ సామగ్రి ఆలస్యం కావడంతో సెప్టెంబర్‌లో మొదలవ్వాల్సిన ప్రివ్యూలు అక్టోబర్ 16కి జరిగాయి. ప్రివ్యూ అంటే మన ప్రీమియర్ షో లాంటిది కాదు. అధికారిక ఓపెనింగ్‌కు ముందు కొన్ని వారాల పాటు జనం డబ్బులు పెట్టి చూసే షోలు. ప్రేక్షకుల స్పందన చూసి మార్పులు చేర్పులు చేసుకుంటారు. వెయ్యి సీట్ల బెలాస్కో థియేటర్‌లో తొలి వారాల వసూళ్లు 3 లక్షల డాలర్ల చుట్టూ మాత్రమే తిరిగాయి. థియేటర్ అద్దె, జీతాలు, కరెంటు అన్నీ వారం వారం కట్టాల్సినవే. పెట్టిన పెట్టుబడి సుమారు 1.6 కోట్ల డాలర్లు. ఇంకో మాట.. అక్కడ ప్రతి వారం ఏ షోకి ఎంత వచ్చిందో బ్రాడ్‌వే లీగ్ బయటపెడుతుంది. మన పోస్టర్ల లెక్కల్లా కాదు, దాచడానికి వీలుండదు. తక్కువ అంకె కనిపిస్తే చాలు, షో ఎత్తేస్తున్నారన్న గుసగుసలు మొదలవుతాయి.

నవంబర్ 12న ఓపెనింగ్ జరిగింది. రివ్యూలు అదిరిపోయాయి. రెండు రోజులకే ఎల్టన్ జాన్ సంగీతంతో 'టామీ ఫే' వచ్చింది. అంత పెద్ద పేరున్నా డిసెంబర్ 8కల్లా మూతపడింది. పేరులేని రోబోలు నిలబడ్డాయి!

కారణం మౌత్ టాక్. అయితే ఇది మనకు తెలిసిన ఫస్ట్ డే టాక్‌లా ఒక్కరోజులో తేలిపోలేదు, వారాల తరబడి మెల్లగా పాకింది. చూసినవాళ్లు కథ చెప్పలేదు. 'ఏమీ అడక్కుండా వెళ్లి చూడు' అన్నారు. విచిత్రమైన షోకి ఇంతకంటే మంచి ప్రచారం ఉండదేమో. వివరిస్తే తేలిపోయే కథ, వివరించకపోతే కుతూహలం పెంచింది. రెండోసారి, మూడోసారి వచ్చేవాళ్లు తయారయ్యారు. తమకు తాము 'ఫైర్‌ఫ్లైస్' అని, అంటే మిణుగురులని పేరు పెట్టుకున్నారు.

మైకేల్ ఆర్డెన్ దర్శకత్వం కూడా ప్రేక్షకుల అంచనాతో ఆడుకుంది. మొదట స్టేజీ మొత్తం కనిపించదు. నల్లటి పలకల మధ్య ఒక చిన్న గది మాత్రమే, ఫోన్ స్క్రీన్‌లో చూస్తున్నట్టు ఉంటుంది. ఇంత చిన్న షోనా అనిపిస్తుంది. కథ ముందుకెళ్లే కొద్దీ ఆ పలకలు జరుగుతూ, రోబోల లోకం ఎంత పెరిగితే అంత చోటు తెరుచుకుంటుంది.

2025 జూన్ 8న టోనీ అవార్డుల్లో 10 నామినేషన్లకు 6 గెలిచింది. ఉత్తమ మ్యూజికల్, కథ, సంగీతం, దర్శకత్వం, సెట్ డిజైన్, ఉత్తమ నటుడు.

అక్కడితో ప్రశాంతంగా ఉంటే బాగుండేది. ప్రేక్షకులు ఒకసారి షోని తమదనుకున్నాక కొత్త ఆశలు పుడతాయి. తల్లి వైపు నుంచి ఫిలిప్పీన్స్ మూలాలున్న డారెన్ క్రిస్ కొన్ని వారాలు సెలవు తీసుకుంటే, ఆ పాత్రకు ఆండ్రూ బార్త్ ఫెల్డ్‌మన్ అనే శ్వేతజాతి నటుడిని తీసుకుంటున్నట్టు జులైలో ప్రకటించారు. ఆసియా-అమెరికన్ కళాకారులు, అభిమానులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. తమలాంటి ముఖాలకు దక్కిన అరుదైన ప్రధాన పాత్ర చేజారిందన్నది వాళ్ల బాధ. రోబోలకు జాతి ఏమిటన్నది ఇంకో వర్గం వాదన. కానీ సియోల్‌లో జరిగే కథ అది, ఆ బాధను కొట్టిపారేయడం తేలిక కాదు. ఫెల్డ్‌మన్ సెప్టెంబర్ నుంచి తొమ్మిది వారాలు ఆడారు. నవంబర్‌లో క్రిస్ తిరిగొచ్చారు.