పంపు తిరుగుచున్నను నీరు తగ్గుటకు కారణములు

వరి పొట్టదశలో ఉన్నప్పుడు మడి ఎండినచో, ఆ నష్టమును తరువాత ఎంత నీరు పెట్టినను పూడ్చలేము. సరిగా అట్టి సమయముననే కొన్ని బావులవద్ద ఒక చిక్కు వచ్చుచుండును. మోటారు ఎప్పటివలెనే తిరుగుచుండును. గొట్టమునుండి పడు ధార మాత్రము సన్నగిల్లును. రైతు మొదట కరెంటును అనుమానించును, తరువాత మోటారును విప్పించును, చివరకు ఎక్కువ అశ్వశక్తిగల కొత్త మోటారుకై అప్పు చేయును. అసలు లోపము ఒక చిన్న వాషరులో ఉండవచ్చును. కావున ఖర్చుకు ముందు చూడవలసిన సంగతులను వరుసగా తెలుపుచున్నాము. ఇవి బావులపైన, కాలువలపైన అమర్చు సాధారణ పంపులకు సంబంధించినవి. బోరులో దింపు సబ్‌మెర్సిబుల్ పంపులకు సక్షను పైపు ఉండదు గనుక వాటి సంగతి వేరు.

ముందుగా నీటిని కొలవవలెను

“నీరు తగ్గినది” అని కంటితో చెప్పుట చాలదు. 200 లీటర్ల డ్రమ్మును గొట్టము క్రింద పెట్టి, అది ఎన్ని సెకండ్లలో నిండునో గడియారముతో చూడవలెను. 20 సెకండ్లలో నిండినచో పంపు గంటకు 36,000 లీటర్లు ఇచ్చుచున్నదని అర్థము. ఎకరముపై ఒక అంగుళము నీరు నిలుచుటకు లక్ష లీటర్లకు కొంచెము పైగా కావలెను. ఈ పంపు ఆ పనిని మూడు గంటలలోపల చేయును. అదే డ్రమ్ము 33 సెకండ్లు తీసికొన్నచో, ఆ ఎకరమునకు సుమారు నాలుగు మూడుపాతిక గంటలు పట్టును. కరెంటు ఉచితమైనచోట ఈ నష్టము బిల్లులో కనబడదు, మడిలో కనబడును.

పంపు పనిచేయు తీరు

పంపు గుల్లలో ఇంపెల్లరు అను రెక్కల చక్రము వేగముగ తిరుగుచు నీటిని అంచులవైపు విసరును. అందుచే నడుమ ఒత్తిడి తగ్గును. అప్పుడు బావిలోని నీటిపై నున్న గాలి ఒత్తిడి ఆ నీటిని సక్షను పైపులోనికి ఎక్కించును. పంపు నీటిని పీల్చుననుట వాడుక మాట. నిజమునకు పైకి నెట్టునది గాలియే. ఆ గాలి నీటిని 34 అడుగులకు మించి నెట్టజాలదు. పైపులలోని రాపిడివలన ఆచరణలో 20 అడుగుల వరకే నమ్మవచ్చును. దీనినిబట్టి లోపములు నాలుగు విధములు: నీరు పంపునకు సరిగా అందకుండుట, నీటితో గాలి చేరుట, ఇంపెల్లరు సరిగా విసరకుండుట, నీటిని అవసరమునకు మించిన ఎత్తుకు పంపుట.

నీరు అందుచున్నదా?

పంపు నడుమనుండి నీటిమట్టము వరకు తాడువేసి కొలవవలెను. పంపు నడచుచుండగా కొలుచుట మేలు. అప్పుడు మట్టము ఇంకను దిగును. దూరము 20 అడుగులు దాటినచో మోటారు పెంచినను ప్రయోజనములేదు. పంపునే క్రిందికి దింపవలెను. అయితే డీజిలు ఇంజనును ఎన్నడును బావిలోనికి దింపరాదు. దాని పొగలోని విషవాయువు బావిలో నిలిచి, దిగినవారి ప్రాణము తీయును. ఒకరిని రక్షింపబోయి మరియొకరు దిగినచో వారికిని అదే గతి పట్టును.

తరువాత ఫుట్‌వాల్వును చూడవలెను. అది నీటిలో కనీసము రెండడుగులు మునిగి, అడుగునేలకు ఒక అడుగు పైన ఉండవలెను. మునక చాలనప్పుడు నీటిపై సుడి ఏర్పడి గాలి లోనికి పోవును. జాలికి నాచు, ఆకులు, ప్లాస్టిక్ సంచులు అంటుకొన్నచో నీరు అందదు. పంపులో గులకరాళ్ళు దొర్లినట్లు చప్పుడు వచ్చినచో, నీరు చాలినంత అందుటలేదని గ్రహించవలెను.

గాలి చేరుచున్నదా?

ధార తెగితెగి, నురగతో పడినచో గాలి చేరుచున్నదని అనుమానించవలెను. దీనికి సులభమైన పరీక్ష కలదు. పంపు ఆపి, సక్షను పైపును, పంపును నీటితో నింపి అరగంట వదలవలెను. మట్టము తగ్గకున్నచో ఫుట్‌వాల్వు బాగున్నట్లే. మట్టము తగ్గి, పైన ఏదైన అతుకువద్ద చెమ్మ కనబడినచో లోపము అక్కడనే కలదు. చెమ్మ ఎచ్చటను కనబడనిచో ఫుట్‌వాల్వు కారుచున్నది. దాని తోలును గాని, రబ్బరును గాని మార్చవలెను. కొందరు పేడనీళ్ళు పోసి పంపు ఎత్తించుచుందురు. పేడ కంతను తాత్కాలికముగ మూయును గాని లోపమును దాచును, జాలిని కూడ పూడ్చును.

సన్నని కంతలు ఈ పరీక్షకు దొరకకపోవచ్చును. అప్పుడు పంపు నడచుచుండగా సక్షను అతుకులపై సబ్బునురుగు పూయవలెను. కంత ఉన్నచోట నురుగు లోనికి పోవును. గ్లాండు తాడుగల పంపులలో గ్లాండునుండి నీరు చుక్కచుక్కగా పడుచుండుట మంచిది. అది గాలిని ఆపును, ఇరుసును చల్లబరచును. చుక్క పడకుండ బిగించినచో ఇరుసు అరుగును.

సక్షను పైపు బావినుండి పంపువైపు క్రమముగ ఎత్తుగా ఉండవలెను. నడుమ ఎక్కడైన గూని ఉన్నచో అచ్చట గాలి చేరి ధారను తగ్గించును.

ఇంపెల్లరు విసరుచున్నదా?

కిందటి రబీలో నేను చూచిన ఒక బావి సంగతి చెప్పెదను. రెండెకరముల వరి పొట్టమీద ఉన్నది. మడి నెర్రెలు పారుచున్నది. “మోటారు కాలితే వైండింగు చేయించినానండి. అప్పటినుంచి నీళ్ళు సగమే,” అని రైతు వాపోయెను. ఏ వైపుకు తిరుగుచున్నదో చూచితిరా అని అడుగగా, “తిరుగుతూనే ఉన్నది గదండీ!” అనెను. మోటారు ఆపి, వెనుక ఫ్యాను నెమ్మదించునప్పుడు చూచితిమి. పంపుపై బాణము గుర్తు ఒక వైపు, ఫ్యాను మరియొక వైపు! వైండింగు చేసినవారు తీగలను తారుమారుగ కలిపిరి. పంపు ఎదురు తిరిగినను కొంత నీరు ఇచ్చును. అందుచేతనే ఈ లోపము వెంటనే తెలియదు. ఆ రైతు అప్పటికే కొత్త మోటారునకు బయానా ఇచ్చియుండెను.

మూడు ఫేజుల మోటారులో ఏవైన రెండు తీగలను పరస్పరము మార్చినచో దిక్కు సరియగును. మెయిన్ స్విచ్చి ఆపి, ఫ్యూజులు తీసిన పిమ్మట ఎలక్ట్రీషియను చేతనే ఈ పని చేయించవలెను. వైండింగు చేయించినప్పుడు, ట్రాన్స్‌ఫార్మరు వద్ద పని జరిగినప్పుడు దిక్కు చూచుట మరువరాదు.

బెల్టుతో నడచు పంపులకు వేగము ముఖ్యము. బెల్టు జారి వేగము పదవవంతు తగ్గినచో, నీటిని ఎత్తు శక్తి సుమారు ఐదవవంతు తగ్గును. దిక్కు, వేగము సరిగా ఉన్నను నీరు రానిచో గుల్ల విప్పి చూడవలెను. రెక్కల నడుమ గుడ్డపీలిక, పుల్ల ఇరికియుండవచ్చును. ఇసుక నీటిలో నడచిన పంపులో ఇంపెల్లరు, దాని చుట్టునుండు రింగు అరిగి, విసరిన నీరు మరల నడుమకే వచ్చును. అప్పుడు రింగును, అవసరమైనచో ఇంపెల్లరును మార్చవలెను.

ఎత్తు అవసరమా?

కొందరు డెలివరీ గొట్టమును తొట్టిపైన నాలుగైదు అడుగుల ఎత్తున వంచి, ధార దూకుట చూచి సంతోషింతురు. ఆ ఎత్తంతయు వృథా శ్రమయే. గొట్టము చివర కాలువకు కొద్దిపైన ఉన్న చాలును. ఇరుకు పైపులు, అనవసరపు బెండులు కూడ నీటిని తగ్గించును.

ఖర్చులేని పరీక్షలు ముందు, విప్పుట తరువాత, కొనుట చివర అను వరుసను పాటించవలెను. పంపు బాగున్న రోజున డ్రమ్ము నిండుటకు పట్టిన సెకండ్లను, నీటిమట్టపు లోతును తేదీతో పంపుషెడ్డు గోడపై వ్రాసి, నెలకొకసారి మరల కొలవవలెను. సెకండ్లు పెరిగినచో, పైరు వాడువరకు ఆగక ఆనాడే పంపును చూచుకొనవచ్చును.