తగ్గడం వేరు, తగ్గించడం వేరు

మా హాస్టల్లో క్రికెట్ పిచ్చివాళ్ళే ఎక్కువ. ఫుట్‌బాల్ చూసేవాళ్ళం పదిమందికి మించం. రాత్రి భోజనాలయ్యాక ఒకే ఫోను చుట్టూ చేరి ఇంగ్లాండు మ్యాచ్‌లు చూస్తుంటాం. అలా చూస్తుండగా ఒకరోజు మాలో ఒకడు అడిగాడు: "అంత పెద్ద క్లబ్బులో ఆడినవాడు, తక్కువ జీతానికి ఈ చిన్న క్లబ్బుకు ఎందుకొచ్చాడురా?" ఆ వాదన లైట్లు ఆర్పే వేళ దాటినా తెగలేదు. సగం మంది "వాడికి తిక్క" అన్నారు. సగం మంది "ఆటమీద ప్రేమ" అన్నారు.

అదే వారంలో మా సీనియర్ అన్న ఒకాయనకు రెండు చోట్ల నుంచి ఉద్యోగానికి పిలుపు వచ్చింది. ఒకచోట నెలకు 16 వేలు, కానీ మూడేళ్ళయినా అదే పని. ఇంకోచోట 11 వేలే, అయితే పని నేర్పిస్తాం, ఏటా పెంచుతాం అన్నారు. "ఎందులో చేరమంటారు తమ్ముళ్ళూ?" అని ఆయన మమ్మల్ని అడిగాడు. ఫుట్‌బాల్ గురించి అంతసేపు వాదించిన మేము ఆయనకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేకపోయాం. అప్పటినుంచి ఈ విషయం మీద మేము తెలుసుకున్నదీ ఆలోచించుకున్నదీ మీ ముందు ఉంచుతున్నాం.

జీతం ఆటగాడి చేతిలో లేని రోజులు

ఇప్పుడు కోట్లలో వినబడుతున్న ఫుట్‌బాల్ జీతాలు ఎప్పుడూ ఇలా లేవు. ఇంగ్లాండులో 1901 నుంచి ఆటగాడి జీతానికి గరిష్ఠ పరిమితి ఉండేది. మొదట వారానికి 4 పౌండ్లు. 1961లో ఆ పరిమితిని ఎత్తేసేనాటికి అది 20 పౌండ్లకు చేరింది. ఎంత గొప్పగా ఆడినా అంతకు మించి ఇవ్వకూడదు. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ళ సంఘం సమ్మెకు సిద్ధపడితే గాని ఆ గోడ కూలలేదు. వెంటనే ఫుల్‌హామ్ క్లబ్బు తన ఆటగాడు జానీ హేన్స్‌కు వారానికి 100 పౌండ్లు ఇచ్చింది. అంటే ఆ మనిషి ఆట విలువ మొదటినుంచీ 20 పౌండ్లు కాదన్నమాట!

రెండో గోడ బెల్జియంలో కూలింది. జాన్ మార్క్ బోస్మన్ అనే ఆటగాడికి 1990లో లీజ్ క్లబ్బుతో ఒప్పందం ముగిసింది. కొత్త ఒప్పందంలో పాత జీతంలో నాలుగో వంతు మాత్రమే ఇస్తామన్నారు. పోనీ ఫ్రాన్సులోని డంకర్క్ క్లబ్బుకు వెళ్తానంటే ఆ బదిలీ జరగనివ్వలేదు. ఒప్పందం అయిపోయినా మనిషి మీద హక్కు పాత క్లబ్బుదే! అతడు కోర్టుకెక్కాడు. 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది: ఒప్పందం ముగిసిన ఆటగాడు తనకు నచ్చిన చోటికి పోవచ్చు, పాత క్లబ్బు ట్రాన్స్‌ఫర్ ఫీజు అడగడానికి వీల్లేదు.

మిత్రులారా, ఇక్కడ ఒక తేడా గమనించాలి. బోస్మన్ జీతాన్ని నాలుగో వంతు చేస్తామనడం తగ్గించడం. ఆటగాడు తనంతట తాను తక్కువకు ఒప్పుకోవడం తగ్గడం. ఒకదాన్ని చూపి ఇంకోదానికి పేరు పెట్టకూడదు.

తగ్గినవాడు ఏం కొనుక్కున్నాడు?

తెలిసి తక్కువకు వెళ్ళిన ఆటగాడు ఊరికే వదులుకోడు. వదులుకున్న డబ్బుతో ఏదో ఒకటి కొనుక్కుంటాడు. మొట్టమొదట కొనుక్కునేది ఆడే అవకాశం.

డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ సంగతి చూద్దాం. 2021 జూన్ 12న యూరో కప్పు మ్యాచ్‌లో మైదానంలోనే అతడి గుండె ఆగింది. వైద్యులు బతికించి, గుండెలో చిన్న పరికరం అమర్చారు. ఆ పరికరంతో ఇటలీలో ఆడనివ్వరు. కనుక ఇటలీ ఛాంపియన్ అయిన ఇంటర్ క్లబ్బుతో అతడి ఒప్పందం రద్దయింది. 2022 జనవరి 31న అతడు చేరింది లండన్‌లోని బ్రెంట్‌ఫర్డ్‌లో. 74 ఏళ్ళ తర్వాత అప్పుడే మొదటి డివిజన్‌కు వచ్చిన క్లబ్బు అది. ఇంటర్ స్థాయి జీతం అక్కడ దొరకదు. ఒప్పందం కూడా ఆర్నెల్లకే. కానీ అతడికి కావలసింది "ఇంకా ఆడగలడు" అని లోకం నమ్మడం. లీగులో 11 మ్యాచ్‌లు ఆడాడు. అదే ఏడాది జులైలో మాంచెస్టర్ యునైటెడ్ మూడేళ్ళ ఒప్పందంతో పిలిచింది.

మారియో బాలోటెల్లిది ఇంకో దారి. లివర్‌పూల్‌లో పెద్ద జీతగాడు. లోన్ మీద మిలాన్‌కు వెళ్ళిన 2015-16 సీజన్లో లీగులో ఒక్కటంటే ఒక్క గోలు. 2016 ఆగస్టు చివరిరోజున జీతం బాగా తగ్గించుకుని ఫ్రాన్సులోని నీస్ క్లబ్బులో చేరాడు. ఆ సీజన్ లీగులో 15 గోల్స్ కొట్టాడు. నీస్ మూడో స్థానంలో నిలిచింది. అతడు కొనుక్కున్నది పోయిన పేరు.

కుర్రవాళ్ళు కొనుక్కునేది ఎదుగుదల. జర్మనీలో లైప్జిగ్ క్లబ్బు 2009లో అయిదో డివిజన్ నుంచి ఆట మొదలుపెట్టింది. ఒక పానీయాల కంపెనీ పెట్టిన క్లబ్బని చాలామంది అభిమానులకు అదంటే గిట్టదు. అయినా 2013లో, అది మూడో డివిజన్లో ఉండగానే, 18 ఏళ్ళ జాషువా కిమ్మిచ్ స్టుట్‌గార్ట్ కుర్రాళ్ళ జట్టు వదిలి అందులో చేరాడు. పెద్ద క్లబ్బు బయట ఎదురుచూడటం కంటే చిన్న డివిజన్లో ప్రతివారం ఆడటం మేలనుకున్నాడు. 2015లో బయర్న్ మ్యూనిక్ అతణ్ణి తీసుకుంది. అదే 2013లో లైప్జిగ్‌లో చేరిన డెన్మార్క్ కుర్రాడు యూసుఫ్ పౌల్సెన్ క్లబ్బుతోపాటే మూడో డివిజన్ నుంచి మొదటి డివిజన్‌కు ఎక్కి, 2020లో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ కూడా ఆడాడు.

కాగితం మీద లెక్క

ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. పెద్ద క్లబ్బు ఏడాదికి 10 లక్షలు ఇస్తానంది, కానీ బెంచీ మీదే కూర్చోవాలి. ఎదగాలనుకునే చిన్న క్లబ్బు 7 లక్షలే ఇస్తానంది, కానీ ప్రతి మ్యాచ్ ఆడిస్తుంది. బాగా ఆడితే రెండేళ్ళ తర్వాత 20 లక్షలిచ్చేవాళ్ళు వస్తారు.

పెద్ద క్లబ్బులో నాలుగేళ్ళకు 40 లక్షలు. చిన్న క్లబ్బులో అనుకున్నట్టు జరిగితే రెండేళ్ళకు 14, తర్వాతి రెండేళ్ళకు 40, మొత్తం 54 లక్షలు. జరగకపోతే నాలుగేళ్ళకూ కలిపి 28 లక్షలే. జరగడానికి, జరగకపోవడానికి సమాన అవకాశం ఉందనుకుంటే సగటున 41 లక్షలు. అంటే ఇంత సాహసానికీ మిగిలే లాభం ఒక్క లక్ష! గెలిచే అవకాశం సగం కంటే బాగా ఎక్కువని నమ్మకం కుదిరితేనే తక్కువ జీతం తెలివైన పని అవుతుంది.

ఆ అవకాశాన్ని పెంచేవి ఒప్పందంలోని షరతులు. ఫుట్‌బాల్‌లో జీతమొక్కటే రాబడి కాదు. చేరినందుకు ఒక మొత్తం, ఆడిన మ్యాచ్‌కు ఇంత, గోలుకు ఇంత, జట్టు పై డివిజన్‌కు ఎక్కితే జీతం ఇంత పెరగాలి అని రాసుకుంటారు. ఫలానా మొత్తం ఎవరైనా చెల్లిస్తే నన్ను వదిలేయాలి అని కూడా రాసుకుంటారు. ఇవన్నీ ఉంటే తక్కువ జీతం వెనుక ఒక వాటా ఉన్నట్టే. లేకపోతే అది ఉత్త తక్కువ జీతమే.

ఆశయమా? ఆర్భాటమా?

"మాది పెద్ద ఆశయాలున్న క్లబ్బు" అని ఎవరైనా చెప్పుకోవచ్చు. 2009లో ఇంగ్లాండు నాలుగో డివిజన్లోని నాట్స్ కౌంటీని కొత్త యజమానులు కొన్నారు. ఇంగ్లాండు జట్టుకు మేనేజరుగా చేసిన ఎరిక్సన్‌ను తెచ్చారు. సోల్ క్యాంప్‌బెల్ అంతటి ఆటగాడితో అయిదేళ్ళ ఒప్పందం రాయించారు. ఆయన ఒక్క మ్యాచ్ ఆడి, పరిస్థితి అర్థమై వెళ్ళిపోయాడు. చెప్పిన డబ్బు కనబడలేదు. 2010 ఫిబ్రవరిలో క్లబ్బు ఒక్క పౌండుకు చేతులు మారింది. గోల్‌కీపర్ కాస్పర్ ష్మైఖేల్ సీజనంతా ఆడి జట్టును నాలుగో డివిజన్ విజేతగా నిలిపాడు, అయినా అతడి ఒప్పందమూ రద్దయింది. 2011లో లెస్టర్‌లో చేరి, 2016లో ఆ జట్టుతో ప్రీమియర్ లీగ్ గెలిచాడు. మొదటి మాట నమ్మి మోసపోయినవాడు రెండోచోట గెలిచాడు.

దూరమెందుకు? 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. మనమంతా సంబరపడ్డాం. రెండేళ్ళు తిరిగేసరికి జీతాల బకాయిలతో ఆటగాళ్ళు వెళ్ళిపోయి జట్టు 2023-24లో అట్టడుగున నిలిచింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది.

మరి నిజమైన ఆశయాన్ని ఎలా గుర్తించాలి? అంతకుముందు అక్కడ చేరినవాళ్ళు ఏమయ్యారో చూడాలి. బ్రెంట్‌ఫర్డ్‌నే చూడండి. 2017లో ఎక్సెటర్ అనే చిన్న క్లబ్బు నుంచి వచ్చిన ఓలీ వాట్కిన్స్ 2020లో ఆస్టన్ విల్లాకు వెళ్ళాడు, తర్వాత ఇంగ్లాండుకు ఆడాడు. మోపే బ్రైటన్‌కు వెళ్ళాడు. బెన్‌రామా వెస్ట్‌హామ్‌కు వెళ్ళాడు. "ఇక్కడ బాగా ఆడితే మీ దారికి అడ్డుపడం" అని ఆ క్లబ్బు గొంతు చించుకోనక్కర్లేదు. వెళ్ళినవాళ్ళే సాక్ష్యం.

మన సంగతి

ఇంత చెప్పుకున్నాక ఒక నిజం ఒప్పుకోవాలి. బాలోటెల్లి జీతం తగ్గించుకున్నా ఇంట్లో పొయ్యి ఆరదు. పైన వేసిన లెక్కలో 28 లక్షలు వచ్చినా తట్టుకోగలవాడే 54 కోసం పందెం కాయగలడు. మనలో చాలామంది ఇళ్ళల్లో ఆ వెసులుబాటు లేదు. మన అమ్మానాన్నలు తక్కువ కూలికి వెళ్ళింది ఏదో కొనుక్కోవడానికి కాదు, వేరే దారి లేక. వాళ్ళది తగ్గడం కాదు, తగ్గించడం. అందుకే "మొదట తక్కువకు చెయ్యి బాబూ, భవిష్యత్తు ఉంటుంది" అని ఎవరైనా అంటే మనం మూడు ప్రశ్నలు అడగాలి. నాకేం నేర్పుతారు? ఎప్పుడు, ఎంత పెంచుతారో రాసిస్తారా? నాకు ముందు చేరినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు?

మా అన్న ఆ రెండో ఆఫీసుకు వెళ్ళి ఈ ప్రశ్నలే అడిగాడు. "నోటిమాట చాలదా?" అన్నారట. ఇంటి దగ్గర చెల్లెలి పెళ్ళి అప్పు ఉంది. ఆయన 16 వేల ఉద్యోగంలోనే చేరి, సాయంత్రాలు కంప్యూటర్ కోర్సుకు వెళ్తున్నాడు. ఆశయం లేక అందులో చేరాడని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. రాసిచ్చి ఉంటే ఆయన 11 వేలకే వెళ్ళేవాడేమో.

చివరగా మా పూర్వ విద్యార్థులకు ఒక మనవి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మాకు శాలువాలూ జ్ఞాపికలూ వద్దు. రీడింగ్ రూములో ఒక పెద్ద నోటు పుస్తకం పెడుతున్నాం. అందులో మీరు మొదట చేరిన ఉద్యోగం, అప్పటి జీతం, మూడేళ్ళ తర్వాతి జీతం, వాళ్ళు మాట నిలబెట్టుకున్నారా లేదా, ఈ నాలుగు సంగతులు రాసి వెళ్ళండి. వాట్కిన్స్‌ను చూసి బ్రెంట్‌ఫర్డ్‌కు వెళ్ళిన కుర్రాళ్ళలాగే, మేమూ మీరు నడిచిన దారి చూసుకుని అడుగు వేస్తాం.