హారం లేని లెక్క

2019 జూలైలో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ పార్లమెంటుకు ఒక లెక్క చెప్పింది. రెండేళ్లలో ఐఐటీల్లో 2,461 మంది చదువు మధ్యలో మానేశారు. వారిలో ఎస్సీలు 371, ఎస్టీలు 199, ఓబీసీలు 601. మూడూ కలిపితే 1,171. దాదాపు సగం.

చదవగానే మనసు చివుక్కుమంటుంది. కానీ ఈ మూడు వర్గాల రిజర్వేషన్లు కూడా కలిపి 49.5 శాతమే కదా. 15 శాతం సీట్లున్న ఎస్సీలు మానేసినవారిలోనూ 15 శాతమే. 7.5 శాతం ఉన్న ఎస్టీలు 8 శాతం. అయితే తేడా ఏమీ లేదన్నమాటేనా?

తొందరపడకూడదు. 7.5 శాతం అన్నది చట్టం కేటాయించిన సీట్లు. చేరిన పిల్లల లెక్క వేరు. 2015–19 మధ్య ఐఐటీల పీహెచ్‌డీ ప్రవేశాల్లో ఎస్సీలు సుమారు 9 శాతం, ఎస్టీలు సుమారు 2 శాతమే. మానేసిన ఆ 199 మంది ఎక్కువగా బీటెక్ వాళ్లయితే ఎస్టీలు అందరిలాగే మానేశారని అర్థం. ఎక్కువగా పీహెచ్‌డీ వాళ్లయితే, చేరిన ప్రతి వందలో ఇద్దరే ఉన్నవాళ్లు, మానేసిన ప్రతి వందలో ఎనిమిది మంది ఉన్నారని అర్థం. అంకె ఒక్కటే, అర్థాలు రెండు. బడిలో భిన్నాలు చెప్పేటప్పుడు పైది లవం, కిందది హారం అని నేర్పుతారు. ఇక్కడ లవం చేతికొచ్చింది, హారం రాలేదు. ప్రవేశాల్లో న్యాయం జరుగుతోందా అని కనిపెట్టి ఉండడమంటే నా దృష్టిలో ప్రధానంగా ఆ హారాన్ని అడిగి రాబట్టడమే.

సీటు ఇచ్చే దగ్గర కూడా లెక్క జారుతుంది. వంద సీట్లలో 15 ఎస్సీలవి అనుకుందాం. ముగ్గురు ఎస్సీ పిల్లలు ర్యాంకుతోనే ఓపెన్ సీట్లు తెచ్చుకుంటే మొత్తం 18 మంది కావాలి. 'ఎస్సీలు 15 మంది చేరారు' అని మాత్రమే రాస్తే, ఆ ముగ్గురినీ కోటాలో కలిపేసి మరో ముగ్గురి సీట్లు తీసేశారో లేదో ఎవరూ చెప్పలేరు. ఓపెన్‌లో చేరినవారినీ కోటాలో చేరినవారినీ వేరువేరు గడుల్లో రాస్తే చాలు, ఆ అన్యాయం దాగదు.

హారంతో సహా వచ్చే లెక్క ఒకటుంది. అది అఖిల భారత ఉన్నత విద్యా సర్వే. 18–23 ఏళ్ల వారి జనాభాతో పోల్చి 2021–22లో చేరికలు మొత్తం మీద 28.4 శాతం, ఎస్సీల్లో 25.9, ఎస్టీల్లో 21.2 అని అది తేల్చింది. చాలా విలువైన లెక్క. అయితే ఉట్నూరులో డిగ్రీలో చేరిన గోండు అమ్మాయీ, వరంగల్ ఎన్‌ఐటీలో చేరిన అబ్బాయీ అందులో చెరొక అంకె మాత్రమే. ఏ తలుపు ఎవరికి తెరుచుకుందో దానివల్ల తెలియదు.

అందరినీ ఒకే గడిలో కలిపేస్తే నిజం దాగుతుందన్న సంగతి తెలుగునాట పుస్తకాలు చదివి నేర్చుకున్నది కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అడిగింది ఇదే: ఎస్సీ అనే ఒక్క గడిని విప్పి, అందులోని కులాలకు వాటా వేరుచేసి ఇవ్వండి అని. మూడు దశాబ్దాల తర్వాత, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. 59 కులాలు మూడు గ్రూపులయ్యాయి. 15 శాతం రిజర్వేషన్ 1, 9, 5 శాతాలుగా విడిపోయింది.

మొదటి గ్రూపులో 15 కులాలున్నాయి, అన్నిటికన్నా వెనకబడినవి. వాటికి దక్కింది 1 శాతం. అరవై సీట్ల బ్రాంచిలో 1 శాతమంటే ఒక్క సీటు కూడా కాదు. కాబట్టి ఒక్కో కాలేజీ లెక్క చూస్తే ఏమీ తెలియదు, రాష్ట్రం మొత్తం మీద చూడాలి. ఆ సీటు ఏ ఊళ్లో, ఏ బ్రాంచిలో తేలింది, అందులో చేరింది ఆ పదిహేనింటిలో ఏ కులం బిడ్డ అని ఏటా రాయడానికి ఒక గడి కావాలి. ఆ బిడ్డ నాలుగో ఏడు పరీక్ష రాసిందా లేదా అని రాయడానికి దాని పక్కనే ఇంకో గడి కావాలి.