రొయ్యల చెరువుకు మొబైల్ కాపలా: నరసాపురం ప్రాంతంలో యాప్‌లు, స్వయంచాలక సాధనాల వినియోగంలో మెలకువలు

వసిష్ఠ గోదావరి కుడి గట్టున ఉన్న నరసాపురం పట్టణంలో ఇంటిపై నీళ్ళ ట్యాంకు నిండగానే మోటారు దానంతట అదే ఆగిపోవడం, పొరుగూరి నుండి ఫోన్‌తో వరండా దీపం వెలిగించడం నేడు వింత కాదు. ఇదే తరహా సాధనాలు పట్టణం దాటి రొయ్యల చెరువుల గట్లకు కూడా చేరుకున్నాయి. ఇంట్లో అవి మొరాయిస్తే కలిగేది అసౌకర్యం మాత్రమే. చెరువు వద్ద మొరాయిస్తే నెలల తరబడి పెట్టిన పెట్టుబడి ఒక్క రాత్రిలో నష్టపోవచ్చు. కనుక ఏ సాధనాన్నైనా రైతుకు సిఫారసు చేసే ముందు, అది విఫలమైన రాత్రి చెరువును ఎవరు, ఎలా కాపాడతారనే విషయాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు మొదట పరిశీలించాలి.

తెల్లవారుజామున పొంచి ఉన్న ప్రమాదం

మన దేశంలో వనామి రొయ్యల పెంపకానికి 2009లో అనుమతి లభించిన తరువాత గోదావరి డెల్టాలో సాగు తీరు మారిపోయింది. చదరపు మీటరుకు వేసే పిల్లల సంఖ్య పెరిగేకొద్దీ ఏరియేటర్లపై ఆధారపడటం కూడా పెరిగింది. పగటివేళ నీటిలోని వృక్షప్లవకాలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. చీకటి పడిన తరువాత ఆ ప్లవకాలు, రొయ్యలు, అడుగుమట్టిలోని బాక్టీరియా అన్నీ ఆక్సిజన్‌ను వాడుకుంటాయే తప్ప సమకూర్చవు. అందువల్ల సూర్యోదయానికి ముందు నీటిలో కరిగిన ఆక్సిజన్ కనిష్ఠ స్థాయికి చేరుతుంది.

30 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలితో సంతృప్తమైన మంచినీటిలో సుమారు 7.5 పీపీఎం ఆక్సిజన్ మాత్రమే కరిగి ఉంటుంది. ఉప్పునీటిలో అది ఇంకా తక్కువ. రొయ్యల చురుకైన పెరుగుదలకు 5 పీపీఎం అవసరం కాగా, 3 పీపీఎం కంటే తగ్గితే అవి ఒత్తిడికి లోనవుతాయి. కాపలాదారు టార్చిలైటు వెలుగులో రొయ్యలు పైకి తేలడం గమనించే సమయానికి పరిస్థితి చాలావరకు విషమించి ఉంటుంది. ఆ స్థితికి ముందే హెచ్చరించడం ఈ సాధనాల ప్రధాన ప్రయోజనం. ఇవి లెక్క కట్టేవి, కొలిచేవి, నడిపేవి అని మూడు రకాలు.

లెక్క కట్టే యాప్‌లు

చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలజీవుల పెంపకం సంస్థ (సిబా) వనామి రైతుల కోసం మొబైల్ యాప్‌ను రూపొందించింది. ఇటువంటి యాప్‌లు మేత మోతాదు లెక్కించడానికి, యాజమాన్య పద్ధతులు తెలుసుకోవడానికి ఉపకరిస్తాయి. అయితే లెక్కకు ఇచ్చే వివరాలు సరిగా లేకపోతే ఫలితం కూడా సరిగా ఉండదు.

ఉదాహరణకు, ఒక చెరువులో 2 లక్షల పిల్లలు వేశారనుకుందాం. రొయ్య సగటు బరువు 10 గ్రాములు ఉన్నప్పుడు బతుకుదల 80 శాతం అని నమోదు చేస్తే మొత్తం బరువు 1,600 కిలోలు. 3.5 శాతం చొప్పున రోజుకు 56 కిలోల మేత వేయాలని యాప్ సూచిస్తుంది. వాస్తవంగా బతికినవి 60 శాతమే అయితే మొత్తం బరువు 1,200 కిలోలు, కావలసిన మేత 42 కిలోలే. అంటే రోజుకు 14 కిలోలు వృథా. సాగు ఖర్చులో దాదాపు సగం మేతకే పోతుంది కనుక ఇది మొదటి నష్టం. ఆ మేత అడుగున కుళ్ళి రాత్రివేళ ఆక్సిజన్‌ను హరించడం రెండవ నష్టం. కనుక చెక్‌ట్రేల పరిశీలన, విసురువలతో నమూనా తీయడం యాప్ ఉన్నా మానరాదు.

కొలిచే సాధనాలు

విజయవాడలో 2012లో ప్రారంభమైన ఏరువాక టెక్నాలజీస్ సంస్థ చెరువులో తేలుతూ నీటి గుణాలను కొలిచి ఫోన్‌కు సమాచారం పంపే సాధనాలను, స్వయంచాలక మేత యంత్రాలను తయారుచేసి ఈ రంగంలో తెలుగునాట మార్గదర్శిగా నిలిచింది. రాత్రంతా ఎడతెగకుండా ఆక్సిజన్‌ను కొలిచే పని ఏ కాపలాదారుకూ సాధ్యం కాదు. ఒక్కో రాత్రి ఆక్సిజన్ ఎంత వేగంగా పడిపోతున్నదో తెలిస్తే ఏరియేటర్లను ఎప్పుడు పెంచాలో, మేతను ఎప్పుడు తగ్గించాలో ముందుగానే నిర్ణయించుకోవచ్చు.

ఉప్పునీటిలో సెన్సర్ కొనపై నాచు, జిగురు పొర త్వరగా పేరుకుంటాయి. శుభ్రం చేయని సెన్సర్ తప్పు అంకెను కూడా అంతే స్పష్టంగా చూపుతుంది. పీహెచ్ విషయంలో చిన్న పొరపాటు సైతం పెద్ద తేడాకు దారి తీస్తుంది. 30 డిగ్రీల వద్ద మంచినీటిలోని మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన అయనీకరణం చెందని భాగం పీహెచ్ 8 వద్ద సుమారు 7.5 శాతం, పీహెచ్ 9 వద్ద సుమారు 45 శాతం. కనుక వారానికి ఒకసారైనా సెన్సర్‌ను కడిగి, దాని అంకెను చేతి మీటరుతోగాని, ప్రయోగశాలలో వింక్లర్ పద్ధతిలోగాని సరిచూడాలి.

నడిపే సాధనాలు

సిమ్ కార్డుతో పనిచేసే మొబైల్ స్టార్టర్లు పొలాల్లో పంపుసెట్లకు ఇదివరకే పరిచయమైనవే. అవే నేడు ఏరియేటర్లకూ వాడుతున్నారు. వీటిని ఎంచుకునేటప్పుడు ఒక తేడా గమనించాలి. కొన్ని సాధనాలు ఆదేశం అందగానే “మోటారు నడుస్తోంది” అని సందేశం పంపుతాయి. మరికొన్ని మోటారు తీసుకునే కరెంటును కొలిచిన తరువాతనే ఆ సందేశం ఇస్తాయి. రెండవ రకాన్నే నమ్మాలి. అప్పుడు కూడా తెడ్లు విరిగిన ఏరియేటర్ తిరుగుతూనే ఉండవచ్చు గనుక ఆక్సిజన్ సెన్సర్‌తో పోల్చి చూసుకోవాలి.

త్రీఫేజ్ సరఫరాలో ఒక ఫేజ్ పోతే మోటార్లు కాలిపోతాయి కాబట్టి రక్షణ రిలే తప్పనిసరి. ప్రారంభంలో మోటారు సాధారణం కంటే అనేక రెట్లు కరెంటు తీసుకుంటుంది. విద్యుత్తు తిరిగి వచ్చిన క్షణాన ఏరియేటర్లన్నీ ఒకేసారి మొదలైతే జనరేటర్‌గాని, ట్రాన్స్‌ఫార్మర్‌గాని ఆ భారాన్ని తట్టుకోలేదు. కొన్ని సెకన్ల వ్యవధితో ఒకదాని తరువాత ఒకటి మొదలయ్యేలా టైమర్లు అమర్చాలి.

మనిషి ప్రాణం విషయంలో ఏమాత్రం ఏమరుపాటు పనికిరాదు. ఏరియేటర్‌కు చిక్కిన తాడు తీయడానికి కూలీ నీటిలో దిగిన వేళ, పట్టణంలో ఉన్న యజమాని ఫోన్ నుండి దానిని నడిపే ప్రమాదం ఉంది. గట్టు మీది ప్రధాన స్విచ్చును కట్టివేసి, తాళం వేసి, ఆ తాళంచెవి దిగే మనిషి దగ్గరే ఉంచాలి. లీకేజీ విద్యుత్తును పసిగట్టి సరఫరాను ఆపే బ్రేకరు, సరైన ఎర్తింగు లేని చెరువుకు స్వయంచాలక సాధనాలను సిఫారసు చేయరాదు.

హెచ్చరిక ఎవరికి చేరాలి?

యాప్ సాధారణంగా యజమాని ఫోన్‌లో ఉంటుంది. యజమాని నరసాపురంలోనో, భీమవరంలోనో నిద్రలో ఉంటాడు. జనరేటర్ వేయవలసిన మనిషి చెరువు మకాంలో ఉంటాడు. అతని చేతిలో మీటల ఫోన్ మాత్రమే ఉండవచ్చు. కనుక తెరపై కనిపించే సందేశం కంటే తెలుగులో మాట్లాడే ఫోన్ కాల్ మేలు. మొదటి మనిషి అయిదు నిమిషాల్లో స్పందించకపోతే రెండవ మనిషికి, ఆపై మూడవ మనిషికి కాల్ వెళ్ళాలి. ఆ కాపలాదారుకు జనరేటర్ వేసే అధికారం, డీజిల్ నిల్వ, అవసరమైతే మేత ఆపే స్వేచ్ఛ కూడా ఉండాలి. ఇవి లేకుండా హెచ్చరిక మాత్రమే పంపితే అతనికి మిగిలేది మరునాటి నింద.

సిఫారసుకు ముందు సరిచూడవలసినవి

1. చెరువు గట్టున అర్ధరాత్రి ఫోన్ సిగ్నల్ నిలకడగా ఉందా?
2. విద్యుత్తు లేనప్పుడు హెచ్చరిక పరికరం స్వంత బ్యాటరీపై పనిచేస్తుందా?
3. సిమ్ గడువు, రీచార్జి బాధ్యత ఎవరిది?
4. యాప్ ఆగిపోతే ఏరియేటర్లను చేతితో నడిపే వీలుందా?
5. మరమ్మతు చేయగల మనిషి ఎంత దూరంలో ఉన్నాడు?
6. కౌలు రైతు అయితే, కౌలు ముగిశాక పరికరాన్ని వేరొక చెరువుకు మార్చుకోవచ్చా?

ఇవి సరిచూసిన తరువాత, నెలకు ఒకసారి మధ్యాహ్నం ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న వేళ ప్రధాన విద్యుత్తును ఆపి పరీక్షించాలి. హెచ్చరిక ఎన్ని నిమిషాలకు చేరింది, జనరేటర్ ఎన్ని నిమిషాలకు అందుకుంది అన్నవి పుస్తకంలో రాసిపెట్టాలి. సాధనం విలువను నిర్ణయించేది ఆ రెండు అంకెలే.

2022 నవంబరు 21న ప్రపంచ మత్స్య దినోత్సవం నాడు నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన జరిగింది. రొయ్యల సాగు నడుమనే చదువుకునే విద్యార్థులు యాప్ వాడకం నేర్చుకోవడంతో పాటు కొన్ని రాత్రులు చెరువు మకాంలో గడిపి, సెన్సర్ అంకెలను చేతి మీటరుతో పోల్చి చూడటం అవసరం. తెల్లవారుజామున మూడు గంటలకు మోగిన ఫోన్ అందుకుని గట్టు మీదికి నడిచిన అనుభవం ఉన్నవారి సిఫారసునే రైతు నమ్ముతాడు.